లాఠీకీ లెక్క ఉండాలి

మన బల్మూర్ మండలం మైలారంలో గుట్టను తవ్వొద్దని ఊరు ఊరంతా నిలబడిన సంగతి సభ్యులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2025 జనవరిలో అక్కడ దీక్షలు సాగుతుంటే పోలీసులు గ్రామస్తులను అరెస్టు చేశారు. వారికి మద్దతుగా బయల్దేరిన ప్రొఫెసర్ హరగోపాల్‌ను ఊరు చేరకముందే అదుపులోకి తీసుకున్నారు. గుట్టనూ పొలాన్నీ కాపాడుకుంటామన్న రైతు ముందుకు జవాబు చెప్పాల్సిన అధికారి రాకముందే పోలీసు వ్యాను వస్తోంది. అసలు సమస్య ఇక్కడుంది.

ఇది ఒక్క మైలారం కథ కాదు. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీలు తగ్గించమన్నందుకు బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ముగ్గురు ప్రాణాలు విడిచారు. 2007 జులై 28న పేదలకు భూమి ఇవ్వాలన్న బంద్‌లో ముదిగొండలో ఏడుగురు నేలకొరిగారు. 2017లో ఖమ్మం యార్డులో మిర్చి ధర పడిపోయి రైతులు తిరగబడ్డారు. మార్కెట్ కార్యాలయంలో విధ్వంసం జరిగిన మాట నిజమే. అయినా ఆ కేసులో అరెస్టయిన రైతులను సంకెళ్లతో కోర్టుకు తెచ్చారు. 2024 డిసెంబర్‌లో లగచర్ల కేసులో జైలులో ఉన్న రైతుకు ఒంట్లో బాగాలేకపోతే, సంగారెడ్డి ఆసుపత్రికి కూడా బేడీలతోనే తీసుకెళ్లారు.

బేడీలు మామూలుగా వేయకూడదని ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది 1980లో. ఆ తర్వాత 37 ఏళ్లకు ఖమ్మం, 44 ఏళ్లకు సంగారెడ్డి. రెండుసార్లూ గొడవయ్యాక కింది అధికారులను సస్పెండ్ చేసి చేతులు దులుపుకున్నారు. తీర్పు వచ్చి ఇన్నేళ్లయినా స్టేషన్ గడప దాటి లోపలికి పోలేదంటే తప్పు ఒక ఎస్ఐదో, ఒక జైలరుదో మాత్రమే కాదు. వారికి నేర్పిన పద్ధతిది, నేర్పని పాలకులది.

ఇతర దేశాలను చూద్దాం. నార్వేలో పోలీసు కావాలంటే మూడేళ్ల డిగ్రీ చదవాలి. అక్కడ చాలాకాలం పాటు మామూలు గస్తీలో నడుముకు తుపాకీ ఉండేది కాదు. జర్మనీలో శిక్షణ రెండున్నర నుంచి మూడేళ్లు. బ్రిటన్‌లో ఎక్కువమంది పోలీసులు తుపాకీ లేకుండానే పనిచేస్తారు; పోలీసులపై వచ్చే తీవ్రమైన ఫిర్యాదులను విచారించడానికి వేరే స్వతంత్ర సంస్థ ఉంది. అమెరికాలో చాలాచోట్ల శిక్షణ కొద్ది నెలలే. మన కానిస్టేబుల్‌కు దాదాపు తొమ్మిది నెలలు.

అయితే నెలలు పెంచితే చాలదు. 2020 మే 25న మినియాపోలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మెడపై మోకాలు పెట్టి చంపిన పోలీసు కొత్తవాడు కాదు, ఏళ్ల తరబడి అనుభవం ఉన్నవాడు. అతనికి శిక్ష పడిందంటే రెండు కారణాలు: దారిన పోయే ఒక అమ్మాయి ఫోన్‌లో వీడియో తీసింది, మా శిక్షణలో ఇలా నేర్పలేదని ఆ నగర పోలీసు అధిపతే కోర్టులో సాక్ష్యం చెప్పాడు. మన దగ్గర అలా తమ శాఖకు ఎదురుగా బోనెక్కే పెద్ద అధికారి ఎందరున్నారు?

ఐక్యరాజ్యసమితి 1990లో ఆమోదించిన సూత్రాల ప్రకారం బలప్రయోగం చివరి మార్గం. ప్రాణాలు కాపాడటానికి తప్ప తుపాకీ వాడకూడదు. మన చట్టం కూడా ముందు చెదిరిపొమ్మని ఆదేశించాలనే చెబుతోంది.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని కొన్ని సంగతులు ప్రతి సభ్యుడూ గుర్తుంచుకోవాలి. అరెస్టు చేసే పోలీసు పేరు స్పష్టంగా కనిపించాలి. అరెస్టు కాగితంపై ఇంటివాళ్లలో ఒకరు గానీ ఊళ్లో పెద్దమనిషి గానీ సాక్షి సంతకం చేయాలి. కారణం చెప్పాలి, బంధువులకు తెలపాలి. ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా మెజిస్ట్రేట్ ముందు పెట్టాలి. పొద్దుగూకాక, తెల్లవారకముందు ఆడవాళ్లను అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా పోలీసు అధికారి మెజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. బేడీలకు 43వ సెక్షన్‌లో హత్య, ఉగ్రవాదం వంటి నేరాల జాబితా ఉంది. ధర్నాలో కూర్చోవడం ఆ జాబితాలో లేదు.

మన డిమాండ్లు మూడు. శిక్షణలో రైతు ఆందోళనలతో, జనసమూహాలతో మాట్లాడి ఒప్పించే పద్ధతిని పాఠంగా పెట్టాలి. ప్రకాశ్ సింగ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు చెప్పిన ఫిర్యాదుల అథారిటీ జిల్లా స్థాయిలో రైతుకు అందుబాటులో పనిచేయాలి. లాఠీచార్జికి ఆదేశం ఇచ్చిన అధికారి పేరు, కారణం రాతపూర్వకంగా బయటపెట్టాలి.

లాఠీ పట్టిన కానిస్టేబుల్ మనకు శత్రువు కాదు. చాలామంది మన ఇళ్ల నుంచి పోయిన పిల్లలే. వాళ్ల నాయనలు కూడా యార్డులో ధర కోసం నిలబడేవాళ్లే. మన పోరాటం ఆ పిల్లవాడి చేతికి లాఠీ ఇచ్చి, లెక్క మాత్రం అడగని పాలకుల మీద.