మూడో తరగతికి ఎవరు చెప్తారండీ?

ఈ ఏడాది మే నెలంతా నా లాప్‌టాప్‌లో ఒక ఎక్సెల్ షీటు తెరిచే ఉండేది. దాని పేరు 'చింటూ స్కూల్ ఫైనల్ 4'. ఐదు బళ్లు, పద్నాలుగు కాలమ్స్. ఫీజు, దూరం, టీచర్లు, గూగుల్ రేటింగ్, టాయిలెట్లు, ఆటస్థలం... ఒక్కోదానికి వెయిటేజీ, చివర్లో స్కోరు. ఆఫీసులో బగ్ వచ్చినా నేనింత శ్రద్ధగా కూర్చోలేదు.

అక్క వెనక నిలబడి కాసేపు చూసింది. "ఒరేయ్, వాడికి మూడో తరగతి ఎవరు చెప్తారో ఇందులో ఎక్కడుందిరా?" అంది.

లేదు. పద్నాలుగు కాలమ్స్‌లో ఆ ఒక్కటీ లేదు.

సంగతేంటంటే, ఫిబ్రవరిలో అమ్మ మెట్ల మీద జారిపడింది. తుంటి ఎముక విరిగింది. నాన్న లేరు. బావ కువైట్‌లో ఉంటారు. కోనసీమలో ఈ మాట చెప్తే ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు, ప్రతి వీధిలోనూ గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఒకరైనా ఉంటారు. అక్క, మేనల్లుడు చింటూ నాతోపాటు హైదరాబాద్‌లో మియాపూర్‌లో ఉండేవాళ్లు. కంపెనీ నాకు వర్క్ ఫ్రమ్ హోమ్ ఒప్పుకుంది కాబట్టి అందరం కొత్తపేట దగ్గర మా ఊరికి వచ్చేశాం. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ లారీలో వచ్చేశాయి. చింటూ చదువు మాత్రం లారీలో వచ్చేది కాదు కదా.

బావ ఫోన్లో ఒకే మాట అన్నారు. "నువ్వు చూసి ఎక్కడ వేస్తే అక్కడే. మేనమామవి కదా." ఆ నమ్మకమే నాకు భయం వేసింది.

ప్రైవేటు బళ్లు మా వైపు చాలానే ఉన్నాయి. పసుపు రంగు వ్యాన్లు పొద్దున ఏడున్నరకే ఊళ్లోకి వచ్చి, నాలుగైదు ఊళ్లు తిరిగి పిల్లల్ని దింపుతాయి. గవర్నమెంటు బడి అనగానే అక్క మొదట ఒప్పుకోలేదు. "కువైట్ డబ్బులు పెట్టుకుని గవర్నమెంటు బళ్లో వేశారంటారురా" అంది. 'తల్లికి వందనం' డబ్బులు ప్రైవేటు బళ్లో చదివినా వస్తాయి, కాబట్టి గవర్నమెంటు బడికే వెళ్లాలన్న బలవంతం కూడా లేదు. సరే, చూడ్డానికి ఏం పోయింది, అన్నీ చూద్దాం అన్నా.

ముందు చేసిన పని గూగుల్ రేటింగ్ కాలమ్ తీసేయడం. ఒక బడికి నాలుగున్నర స్టార్లు ఇచ్చిన పదకొండు మందిలో నలుగురు పూర్వ విద్యార్థులు, ఒకాయన ఎదురుగా ఉన్న కొబ్బరికాయల దుకాణం ఫొటో పెట్టాడు. తర్వాత ఫ్లెక్సీలు. టెన్త్‌లో 600కి ఇన్ని మార్కులు అని పెద్ద పెద్ద ఫొటోలు. మంచిదే, ఆ పిల్లలు కష్టపడ్డారు. కానీ టెన్త్‌లో వచ్చిన మార్కులు మూడో తరగతిలో ఏం జరుగుతోందో చెప్పవు. పైగా ఫ్లెక్సీ మీద ఆరుగురే ఉంటారు. మిగతా క్లాసు సంగతి ఎవరూ ప్రింటు వేయించరు.

యూడైస్ ప్లస్ వాళ్ల 'నో యువర్ స్కూల్' పేజీ మాత్రం పనికొచ్చింది. దేశంలో ప్రతి బడికీ 11 అంకెల కోడ్ ఉంటుంది. పిల్లలెంతమంది, టీచర్లెంతమంది, గదులెన్ని, టాయిలెట్లున్నాయా అన్నీ ఫోన్లో చూసుకోవచ్చు. బడివాళ్లే నింపే లెక్కలు, అవీ పాతబడి ఉండొచ్చు. అయినా వెళ్లే ముందు చూసుకుంటే ఏం అడగాలో తెలుస్తుంది.

అక్కడే నేను బోల్తా పడ్డా. మా వీధి చివర ప్రాథమిక పాఠశాలలో 42 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. అంటే 21 మందికి ఒకరు. విద్యాహక్కు చట్టం ప్రైమరీలో 30 మందికి ఒక టీచర్ చాలంటుంది. షీట్‌లో ఆ బడి స్కోరు పైకెళ్లిపోయింది.

వెళ్లి చూస్తే బడి నిజంగా ముచ్చటగా ఉంది. 2019లో మొదలైన నాడు-నేడులో రంగులేశారు, గ్రీన్ బోర్డులు, మంచి బెంచీలు. కానీ ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు చూడాలి. ఒక గదిలో ఒకటి, రెండు. ఇంకో గదిలో మూడు, నాలుగు, ఐదు. మేష్టారు ఐదుకి లెక్కలు చెప్తుంటే మూడు, నాలుగు వాళ్లు చూచిరాత రాసుకుంటున్నారు. రెండో టీచర్‌కి ట్రైనింగ్ పడితే ఐదు తరగతులూ ఒక్కరే. ఇందులో ఆ మేష్టారి తప్పేం లేదు. చట్టం ప్రకారమే 60 మంది వరకూ ఇద్దరు టీచర్లు సరిపోతారు. సగటు లెక్క తప్పు కాదు, నేను అడిగిన ప్రశ్నే తప్పు. టీచర్‌కి పిల్లలెంతమంది అని కాదు, టీచర్‌కి తరగతులెన్ని అని అడగాలి.

"మీ వాడొస్తే నలభై మూడవుతారండి" అన్నారు మేష్టారు, గేటు దాకా వచ్చి. ఆ మాట మామూలుగానే అన్నారు. దాని బరువు నాకు తర్వాత తెలిసింది.

రెండో బడి మా ఇంటికి రెండు కిలోమీటర్లు. 2022లో జీవో 117తో చాలాచోట్ల మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూళ్లకి పంపించారు. 2025లో ఆ పద్ధతి తీసేసి, తరగతికో టీచర్ ఉండేలా మోడల్ ప్రైమరీ స్కూళ్లు పెట్టారు. ఇది వాటిలో ఒకటి. మేం వెళ్లేసరికి గోడలకి పాత రంగే, ఒక కిటికీకి రెక్క లేదు. హెచ్ఎం మేడంని అక్క నేర్పిన ప్రశ్నే అడిగా.

"మూడో తరగతికి ఎవరు చెప్తారండీ?"

"ఆయ్, అదిగోనండి, ఆవిడే" అని చూపించారు. ఆ టీచర్‌కి అదొక్కటే తరగతి. ఏడాది మధ్యలో సెలవు పెడితే ఎవరు చూస్తారో కూడా చెప్పారు.

ఉత్సాహం ఎక్కువై ఇంకో ప్రశ్న వేశా. "మీ పిల్లలు ఎక్కడ చదువుతున్నారు మేడం?" అక్క నా కాలు తొక్కింది. ఆవిడ నవ్వి, "మా బాబు ప్రైవేటులోనేనండి. మాది అమలాపురం, నేను పొద్దున్నే బస్సెక్కి ఇటొచ్చేస్తాను. మరి మీరు తయారుచేసే సాఫ్ట్‌వేర్ మీ ఇంట్లో వాడతారా అండి?" అన్నారు. నేను చేసేది అమెరికాలో ఇన్సూరెన్స్ బిల్లింగ్. నోరు మూసుకున్నా.

ఆవిడే మధ్యాహ్నం దాకా ఉండమన్నారు. బడి భోజనం పథకానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడ మన లంకల గన్నవరం ఆవిడే. వేళకాని వేళలో వచ్చినవాళ్లక్కూడా అన్నం పెట్టిన మనిషి. ఆ పేరు మీద వడ్డించే అన్నం ఎలా ఉందో చూడాలంటే పన్నెండున్నరకి వెళ్లాలి, పొద్దున తొమ్మిదికి కాదు. నేను చూసింది రెండే: పిల్లలు అన్నం ఎంత వదిలేస్తున్నారు, చేతులు కడుక్కునే కుళాయిల్లో నీళ్లొస్తున్నాయా. చింటూ చూసింది ఒక్కటే, టాయిలెట్ తలుపుకి లోపల గడియ ఉందా అని. ఉంది. వాడి దృష్టిలో బడి పాసైపోయింది.

మా వైపు ఇంకో ప్రశ్న కూడా ఉంది, అది ఏ యాప్‌లోనూ దొరకదు. గోదావరి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకల్లో పడవలే దిక్కయ్యాయి. వరదొస్తే బళ్లే పునరావాస కేంద్రాలవుతాయి. అందుకని బడి ఏటిగట్టుకి లోపలా బయటా, దారిలో కాజ్‌వే ఏదైనా మునుగుతుందా, పోయిన రోజులు ఎలా పూడుస్తారు అని అడగాలి. ప్రైమరీకి ఏడాదికి కనీసం 200 పనిదినాలు ఉండాలని చట్టం చెప్తుంది. రెండో శనివారాలు పెట్టి పూడుస్తామన్నారు మేడం.

ఇంతవరకూ బళ్లకి పరీక్ష పెట్టా. ఆ రాత్రి చింటూకి పెట్టా.

ప్రథమ్ సంస్థ 2005 నుంచి 'అసర్' అని ఒక సర్వే చేస్తోంది. ఊళ్లలో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత చదివిస్తారు. ఆ కాగితం వాళ్ల వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది. అక్షరాలు, మాటలు, నాలుగు వాక్యాల పేరా, చివర్లో రెండో తరగతి స్థాయి చిన్న కథ. లెక్కల్లో అప్పు తెచ్చుకునే తీసివేత, భాగహారం. 2024 సర్వేలో దేశం మొత్తం ఊళ్లలో మూడో తరగతి పిల్లల్లో ఆ కథ చదవగలిగినవాళ్లు 27.1 శాతమే. గవర్నమెంటు బళ్లలో 23.4 శాతం.

మా వాడు హైదరాబాద్‌లో ఏడాదికి ఎనభై వేలు కట్టిన బళ్లో చదివాడు. ఇంగ్లిష్ రైమ్స్ గడగడా చెప్తాడు. తెలుగు మాటలు చదివాడు. పేరా దగ్గర రెండో వాక్యంలో ఆగిపోయాడు. 52లోంచి 27 తీసెయ్యమంటే 35 అన్నాడు. ఏడులోంచి రెండు తీసేశాడు, వాడికి అదే తేలిక. ఇంగ్లిష్ పేరా ఇచ్చా. అదీ అంతే.

అక్క ఏమీ మాట్లాడలేదు. లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. మూడేళ్ల ఫీజు రసీదులు ఆ ఫైల్లోనే ఉన్నాయి. వాడు మా కళ్ల ముందే రోజూ హోంవర్క్ చేశాడు, మేం సంతకాలు పెట్టాం. చదివించి చూడలేదు.

అప్పటిదాకా మా గొడవంతా గవర్నమెంటా, ప్రైవేటా అని. ఆ రాత్రి నుంచి ప్రశ్న మారింది. రెండో వాక్యంలో ఆగిపోయిన పిల్లాణ్ని ఏ బళ్లో గమనిస్తారు? మర్నాడు ఒక ప్రైవేటు బడికి వెళ్లి ఇదే చెప్పా. "సిలబస్ ఫాస్ట్‌గా ఉంటుందండి, ట్యూషన్ పెట్టించండి" అన్నారు. మోడల్ స్కూల్ టీచర్ వాడి చేత మళ్లీ చదివించుకుని, "ఒత్తుల దగ్గర ఆగుతున్నాడండి, ఇలాంటోళ్లు నా క్లాసులో ఇంకో ఆరుగురున్నారు, కలిపి చూసుకుంటా" అన్నారు. పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్ కాబట్టి మాకు అదీ కలిసొచ్చింది. అక్కే ముందు సరేనంది.

టీసీ ఇంకా హైదరాబాద్ నుంచి రాలేదు. విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందని అడ్మిషన్ ఆపకూడదు. ఊరు మారేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. జూన్‌లో చింటూ బళ్లో చేరిపోయాడు.

ఇప్పుడు ఇంకో మాట కూడా చెప్పాలి, నాకు నచ్చకపోయినా. ఫోన్ కొంటే మనం కొన్నామని ఆ ఫోన్ మారిపోదు. బడి అలా కాదు. టీచర్ పోస్టులు పిల్లల సంఖ్యని బట్టి ఉంటాయి. వ్యాన్ ఎక్కి నలుగురు వెళ్లిపోతే కొన్నాళ్లకి వాళ్ల వెనకే ఒక టీచర్ పోస్టూ వెళ్లిపోతుంది. అది చూసి ఇంకో నలుగురు వెళ్తారు. మా వీధి చివర బడి అలాగే చిక్కిపోయింది. నలభై మూడో పిల్లాడు మా ఇంట్లోనే ఉన్నాడు, నేను పంపలేదు. ఒక పిల్లాడి మూడో తరగతిని పందెం పెట్టే ధైర్యం నాకు లేకపోయింది. ఆ మేష్టారు ఇప్పటికీ కనబడితే "బాగున్నాడాండి మీ వాడు?" అని అడుగుతారు. నేను స్కూటర్ ఆపకుండా తలూపి వెళ్లిపోతుంటా.

చేర్పించి వదిలెయ్యకుండా ఉండటం ఒక్కటే మా చేతిలో ఉంది. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లుండాలి. జులై 10న రాష్ట్రమంతా జరిగిన పేరెంట్ టీచర్ మీటింగ్‌కి అక్క వెళ్లింది. వచ్చినవాళ్లలో చాలామంది అమ్మమ్మలు, నానమ్మలేనట, తల్లులు గల్ఫ్‌లో ఉన్నారు. అందరూ భోజనం గురించి, యూనిఫాం గురించి అడిగారు. అక్క లేచి "మా వాడు ఏ పేజీ వరకు చదవగలుగుతున్నాడండి?" అని అడిగింది. పక్కనున్న ఒక నానమ్మ "మా దాని సంగతి కూడా చెప్పమ్మా" అందట. కిటికీకి రెక్క ఆగస్టులో వచ్చింది.

దసరా సెలవుల్లో మళ్లీ అదే కాగితం ఇచ్చా. పేరా పూర్తిగా చదివాడు. కథలో సగం దగ్గర ఆగాడు. 52లోంచి 27 తీసేస్తే 25 అన్నాడు, వేళ్లు లెక్కపెట్టుకుని. భాగహారం ఇంకా రాదు. ఎక్సెల్ షీట్ తీసేశా, ఈ కాగితం మాత్రం ఫ్రిజ్ మీద అంటించి ఉంది. జనవరిలో మళ్లీ చదివిస్తాం. అప్పటికీ కథ రాకపోతే మళ్లీ ఆలోచించుకుంటాం.

మొన్న శుక్రవారం బావ వీడియో కాల్ చేశారు. "ఎలా ఉందే బడి?" అని అక్కని అడిగారు. అక్క జవాబు చెప్పలేదు. తెలుగు పుస్తకం చింటూ చేతికిచ్చి, ఫోన్ వాడి వైపు తిప్పింది.