జాదూ గెలుస్తుందా, తుపాకీ గెలుస్తుందా?



హిందూపురంలో మా వాళ్ళ ఇళ్లలో ఏ దావత్‌కి పోయినా పిల్లల మధ్య ఇప్పుడు ఒకటే బహెస్. హ్యారీ పాటర్ మంత్రదండం ఎదుట ఏకే-47 పట్టుకున్న సిపాయి నిలబడితే ఎవరు గెలుస్తారు? పెద్దలు నవ్వి ఊరుకుంటారు. నాకు మాత్రం ఈ సవాల్ ఫుజూల్ అనిపించదు. జవాబు మన దాస్తాన్లలోనే ఉంది, చెప్పేవాళ్ళే తగ్గిపోయారు.

'తిలిస్మ్-ఎ-హోష్‌రుబా' సంగతే తీసుకోండి. లక్నోలోని నవల్ కిషోర్ ప్రెస్ దాన్ని 1883 నుంచి జిల్దులు జిల్దులుగా అచ్చేసింది. మొదటి నాలుగు ముహమ్మద్ హుసేన్ జాహ్ రాస్తే, మిగతావి అహ్మద్ హుసేన్ ఖమర్ రాశారు. అందులో దుష్మన్ అఫ్రాసియాబ్, జాదూగర్ల షహెన్‌షా. అతని జాదూ ముందు ఎంత బహాదూర్ కత్తి అయినా ఒట్టి ఇనుమే. అయినా జాదూగర్లు ఒకరి తర్వాత ఒకరు మట్టి కరుస్తుంటారు. ఎవరి చేతిలో? అమర్ అయ్యార్, అతని సాటి అయ్యార్ల చేతిలో. వేషం మారుస్తారు, మాటల్లో పెడతారు, షర్బత్‌లో బేహోషీ మందు కలుపుతారు. ఇక తిలిస్మ్ విరగాలంటే దాని 'లౌహ్' దొరకాలి. అంటే రాతపలక. దాన్ని చదివి, అందులో చెప్పినట్టు అడుగు తీసి అడుగు వెయ్యాలి. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉన్నట్టే ఇదీ. (మాంత్రికుడికి ఫకీరు అని పేరెందుకు పెట్టారన్నది వేరే బహెస్, ఇంకోసారి.)

కాబట్టి హథియార్ ఎంత పెద్దదన్నది కాదు లెక్క. అది ఎట్లా పనిచేస్తుందో ఎవరు చదివారన్నది లెక్క.

కథలు వదిలేసి చరిత్రకి వద్దాం. మన పెనుకొండ కూడా ఒకప్పుడు హైదర్, టిప్పూల హుకూమత్ కింద ఉన్నదే. ఇనుప గొట్టంలో బారూద్ కూరి, వెదురు బొంగుకో కత్తికో కట్టి వదిలే వాళ్ళ రాకెట్లు 1780లో పొల్లిలూర్ దగ్గర కంపెనీ ఫౌజును హడలగొట్టాయి. అదే టిప్పూ 1799 మే 4న షహీదైనప్పుడు కుడి చేతికి తావీజు ఉందని ఇంగ్లీషువాళ్ళే రాసుకున్నారు. నాకు దాంతో తకరార్ లేదు. ఒంటెను కట్టేసి ఆపైన తవక్కుల్ చెయ్యమన్నది మన హదీసే, ఆయన రెండూ చేశాడు. కానీ గెలిచినవాళ్ళు ఏం చేశారు? రాకెట్లను ఇంగ్లండ్ పట్టుకుపోయారు. విలియం కాంగ్రీవ్ వూల్‌విచ్‌లో వాటి మీద తజ్రుబాలు చేసి తన రాకెట్లు తయారుచేశాడు. 1807లో అవి కోపెన్‌హేగెన్ మీద కురిశాయి. మన లౌహ్ వాళ్ళు చదివేశారు. మనకు షాయరీ మిగిలింది. కర్ణాటకలో నగర అనే ఊరి పాడుబావిలో 2018లో వెయ్యికి పైగా పాత రాకెట్లు బయటపడ్డాయి. టిప్పూ ఫౌజు రాకెట్ల చిత్రాన్ని అబ్దుల్ కలాం సాబ్ చూసింది కూడా అమెరికాలో, నాసా వాలప్స్ కేంద్రంలో!

ఇదంతా పాత ముచ్చట అనకండి. ధర్మవరంలో మరమగ్గం ముందు చేతిమగ్గం ఓడిపోతోంది. మగ్గం మూలపడితే "ఎవరో చేయించారు, నజర్ తగిలింది" అని ఆమిల్ ఇంటికి పరుగెత్తే వాళ్ళు మనలో ఇంకా ఉన్నారు. మరమగ్గం జాదూ కాదు బాబూ, దానికీ లౌహ్ ఉంది. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కొన్ని రకాల బట్టను చేతిమగ్గానికే కేటాయించింది, చీరలు కూడా అందులో ఉన్నాయి. ధర్మవరం చేనేత పట్టు చీరలకు భౌగోళిక గుర్తింపూ ఉంది. మరమగ్గం చీరను చేనేత అని అమ్మితే దరఖాస్తు ఎవరికి రాయాలి, ఏం సబూత్ జతచేయాలి? ఆమిల్ ఫీజు ఎంతో మన మొహల్లాలో అందరికీ తెలుసు. ఈ సంగతి ఎంతమందికి తెలుసు?