ఎంఎంటీఎస్‌కు లాభం కోతల్లో లేదు

దక్షిణ మధ్య రైల్వే జనరల్ మేనేజర్ గారికి,
రైల్ నిలయం, సికింద్రాబాద్.



కొవిడ్ దెబ్బకు 2020 మార్చిలో ఆగిపోయిన హైదరాబాద్ లోకల్ రైలు సేవ ఎంఎంటీఎస్, 2021 జూన్ 23న 10 సర్వీసులతో మళ్లీ పట్టాలెక్కింది. అంతకుముందు రోజుకు 121 నడిచేవి. జనం ఇళ్లకే పరిమితమైనప్పుడు రైళ్లు తగ్గించడం సబబే. కానీ గడ్డుకాలం గడిచాక కూడా అదే పొదుపును పట్టుకుని ఉంటే నష్టం తగ్గదు, పాతుకుపోతుంది. మౌలాలి మార్గం విషయంలో నా ఆందోళన ఇదే.

సేవ అమ్మే సంస్థ లెక్క వేరు. ఇవాళ అమ్ముడుపోని బియ్యం బస్తాను రేపు అమ్ముకోవచ్చు; ఉదయం రైల్లో ఖాళీగా పోయిన సీటును సాయంత్రం అమ్మలేం. పట్టాలు, సిగ్నళ్లు, స్టేషన్లు, సిబ్బంది జీతాలు రైలు నడిచినా నడవకున్నా ఉండే ఖర్చులే. ఒక సర్వీసు ఎత్తేస్తే మిగిలేది కరెంటు ఖర్చు, కొంత నిర్వహణ ఖర్చు. పోయేది మాత్రం ఆ ఒక్క రైలు ఆదాయమే కాదు. తిరుగు ప్రయాణానికి రైలు ఉంటుందన్న భరోసా లేనివారు సీజన్ టికెట్ తీసుకోరు. నెలంతా వచ్చే మనిషి నెలంతా దూరమవుతాడు.

సనత్‌నగర్–మౌలాలి మార్గంలో 2024 మార్చి 5న ఎంఎంటీఎస్ మొదలైంది. ఫిరోజ్‌గూడ, సుచిత్ర, భూదేవినగర్, అమ్ముగూడ, నేరేడ్‌మెట్, మౌలాలి హౌసింగ్ బోర్డు స్టేషన్లు కట్టారు. ఈ మార్గం భాగమైన ఎంఎంటీఎస్ రెండో దశ వ్యయంలో మూడింట రెండు వంతులు రాష్ట్రానిదని ఒప్పందం. అంటే పెద్ద ఖర్చు ఇప్పటికే అయిపోయింది. అయినా ఈ మార్గంలో తిరిగేవి కొద్దిపాటి రైళ్లే. హౌసింగ్ బోర్డు నుంచి లింగంపల్లి వైపు ఉద్యోగానికి వెళ్లే మనిషికి ఒక రైలు తప్పితే మరొకటి దగ్గర్లో లేదు. అతను షేర్ ఆటో ఎక్కుతాడు, మర్నాడు స్టేషన్ వైపే రాడు.

ప్రయాణికులు లేనప్పుడు రైళ్లెందుకని మీ అధికారులు అడగవచ్చు. హైదరాబాద్ మెట్రోను చూడండి. 2020 సెప్టెంబరులో తిరిగి మొదలై, నిమిషాల వ్యవధిలో రైళ్లు నడిపి, 2023 జులైలో ఒక్కరోజే 5 లక్షలకు పైగా ప్రయాణికులను చేరవేసింది. అప్పుల వడ్డీ భారం వల్ల మెట్రోకు నష్టాలు తీరలేదన్నది నిజమే. కానీ ఆ సంస్థ నష్టం 2021-22లో రూ.1,746 కోట్ల నుంచి 2022-23లో రూ.1,316 కోట్లకు తగ్గింది. ఇక ఎంఎంటీఎస్ సంగతికొస్తే, 2022 మేలో మీరు ఫస్ట్ క్లాస్ చార్జీలు సగం దాకా తగ్గించారు. అది మంచి నిర్ణయం. అయితే వేళకు రాని రైలుకు చార్జీ ఎంత తగ్గించినా గిరాకీ రాదు. గూడ్సు, ఎక్స్‌ప్రెస్ రైళ్ల రద్దీ కూడా వాస్తవమే. అందుకే రోజంతా అడగడం లేదు; ఉదయం, సాయంత్రం ఆఫీసు వేళల్లో దారి ఇమ్మంటున్నాం.

లోకల్ రైలు టికెట్ డబ్బుతోనే మొత్తం ఖర్చు రాబట్టలేదని తెలుసు. ఒక్కో ప్రయాణికుడిపై పడే నష్టాన్ని తగ్గించడం మాత్రం మీ చేతిలో ఉంది. ఆఫీసు వేళల్లో మౌలాలి–సనత్‌నగర్ మధ్య అరగంటకో రైలును ఏడాది పాటు మార్చకుండా నడపండి. సమయపాలన, టికెట్ ఆదాయం వివరాలు నెలనెలా ప్రకటించండి. ఏడాది తర్వాత ఆ అంకెలను చూసే నిర్ణయం తీసుకోండి. అంతవరకు జనం రావడం లేదని తీర్పు చెప్పకండి.

ఇట్లు,
మౌలాలి నివాసి