వెలుతురుతో కొత్త స్కానింగు - దాని కోసం ఆగవద్దు



చీకట్లో టార్చిలైటును అరచేతి కింద పెట్టి చూడండి. చెయ్యంతా ఎర్రగా కనబడుతుంది గాని లోపలి ఎముకలు కనబడవు. మాంసంలోకి వెళ్ళిన వెలుతురు నలుదిక్కులా చెదిరిపోవడమే దీనికి కారణం. నరంలోకి మెరిసే రంగుమందు ఎక్కించి, ఆ మెరుపును బట్టి వ్యాధిని గుర్తుపట్టే పద్ధతికీ ఇదే ఇబ్బంది. పైపైన ఉంటే బాగా కనబడుతుంది, లోతున ఉంటే మసకబారుతుంది.

దీనికి శాస్త్రజ్ఞులు శబ్దంతో మార్గం కనుగొన్నారు. లేజరు కాంతిని రెప్పపాటుకన్నా ఎన్నో రెట్లు తక్కువ సేపు శరీరం మీద వేస్తారు. దాన్ని పీల్చుకున్న రక్తం గాని, రంగుమందు గాని అతి స్వల్పంగా వేడెక్కి ఉబ్బుతుంది. అప్పుడు మన చెవికి అందని శబ్దం పుడుతుంది. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు జరిగితే గని కనబడకపోయినా చప్పుడు ఇంటిదాకా వస్తుంది కదా! అలాగే ఈ శబ్దం పెద్దగా చెదరకుండా బయటికి వస్తుంది. యంత్రం దాన్ని బొమ్మగా మారుస్తుంది. కొన్ని సెంటీమీటర్ల లోతు వరకు చూడవచ్చు. ఎక్స్‌రే వాడరు గనుక రేడియేషన్ భయం లేదు.

కాంతి వల్ల శబ్దం పుడుతుందని గ్రాహంబెల్ 1880లోనే గమనించాడు. రొమ్ము గడ్డల పరీక్షకు ఇటువంటి యంత్రాన్ని అమెరికా ప్రభుత్వం 2021లో ఆమోదించింది. అది రంగుమందు లేకుండా రక్తాన్నే చూస్తుంది. రంగుమందులతో చేసే పద్ధతి చాలావరకు ఇంకా పరిశోధనలోనే ఉంది.

ఇది సంతోషించదగిన విషయమే. అయితే "మంచి మిషను వచ్చాక చూపించుకుందాంలే" అనుకోవడం ప్రమాదం. మన ఇల్లందు, గుండాల ప్రాంతాల్లో చాలామంది ఆడవారు నొప్పి లేదు కదా అని, చెప్పుకోవడానికి సిగ్గుపడి, కూలి పోతుందని ఆలస్యం చేస్తారు. రొమ్ము క్యాన్సరు గడ్డ మొదట్లో తరచుగా నొప్పి పెట్టదు. అదే దానిలోని మోసం.

ఎంత గొప్ప యంత్రమైనా, అనుమానం ఉన్న గడ్డ నుండి చిన్న ముక్క తీసి చేసే బయాప్సీ పరీక్షే క్యాన్సరు అవునో కాదో తేలుస్తుంది. ఆ పరీక్ష, అల్ట్రాసౌండ్ స్కానింగు ఈరోజే మనకు అందుబాటులో ఉన్నాయి. హైదరాబాదులో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రి ఉంది.

రొమ్ములో గాని, చంకలో గాని కొత్తగా గడ్డ తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన లోపలికి లాగినా, రక్తం కారినా ఆ వారంలోనే డాక్టరుకు చూపించండి. గడ్డలన్నీ క్యాన్సరు కావు, ఎక్కువ భాగం మామూలు గడ్డలే. ఇంట్లో మగవారికి ఒక మనవి: ఆమె చెప్పినప్పుడు తేలికగా తీసుకోకండి. ఒక రోజు పని మానుకొనైనా తోడు రండి.