నడుము కాదు, తుంటి

ఈ నెల ఊరగాయలను గూర్చి వ్రాయుదునని మాట యిచ్చియుంటిని. మాట తప్పినందుకు మన్నింపుడు. వేసవి సెలవులకు బెంగుళూరునుండి మా చెల్లెలి కుమార్తె చిత్తూరులోని మా యింటికి వచ్చినది. పదునారేండ్ల పిల్ల. చేతిలో బట్టల పెట్టె, భుజమున గాల్ఫు కర్రల సంచి. మా వీథివారు ఆ సంచిని చూచి పిల్ల వీణ నేర్చుచున్నదనుకొనిరి!

గాల్ఫు మన యిండ్లలో అంతగా ఎరుగని ఆట. నిమ్మకాయంత బంతిని కర్రతో కొట్టి, దూరముననున్న గుంటలో వీలయినన్ని తక్కువ దెబ్బలతో పడవేయవలెను. బెంగుళూరు గాల్ఫు క్లబ్బు 1876లోనే ఏర్పడినది. హైదరాబాదున గోలకొండ నయాఖిల్లాలోను మైదానము కలదు. మా పెరటిలో నున్నది ఒక వేపచెట్టు, ఒక కొబ్బరిపీచు చాప. పిల్ల ఆ చాపపై ప్లాస్టికు బంతి నుంచి సాధన మొదలుపెట్టినది.

నాలుగవనాడు తెల్లవారకమునుపే కల్లాపి చల్లుటకు లేచి చూతునుగదా, పిల్ల నడుమునకు చేయి ఆనించుకొని గోడ పట్టుకొని లేచుచున్నది. అడిగితిని. "ఏమియు లేదు పెద్దమ్మా" అనెను. ఆ రాత్రి తల నిమురుచు మరల అడుగగా నిజము బయటపడినది. మూడు నెలలుగా నొప్పి. తల్లికి కూడ చెప్పలేదు. "చెప్పినచో నాయన ఆట మాన్పించును. ఆడపిల్ల నడుము పోగొట్టుకొనునా అందురు" అని కండ్లనీళ్లు పెట్టుకొనెను. నేర్పువారితో చెప్పగా, నడుము ఇంకను బలముగా త్రిప్పుమనిరట! నాకు వచ్చిన కోపమును ఇచట వ్రాయను.

మరునాడు వైద్యురాలికి చూపితిమి. ఎముకకు హాని లేదనియు, దోషము త్రిప్పుటలోనే యున్నదనియు ఆమె చెప్పెను. కాలిలోనికి దిగు నొప్పిగాని తిమ్మిరిగాని యున్నచో ఆట మాట తలపెట్టక తిరిగి రమ్మనెను. ఆ దోషమేదో మొదట కనిపెట్టినది మా అత్తగారు. ఆమె వసారాలో చింతపండు గింజలు తీయుచు రెండు దినములు ఊరక చూచి, మూడవనాడు ఇట్లనెను: "అమ్మీ, తడిగుడ్డ పిండినట్లు నడుమును పిండుచున్నావు. విసురురాయి తిరుగునది చీలమీద. చీల కదలినచో పిండి బరకయగును."

ఆ మాటలో ఎంత శాస్త్రమున్నదో తరువాత చదివి తెలిసికొంటిని. నడుములోని అయిదు వెన్నుపూసలు అటునిటు వంగుటకే గాని మెలి తిరుగుటకు ఏర్పడినవి కావు. అన్నియు కలిసినను ఒక్కొక్క వైపునకు ఇంచుమించు 10 డిగ్రీలే తిరుగగలవు. తుంటికీలన్ననో, రుబ్బురోటిలో పొత్రమువలె, గిన్నెలో గుండ్రని యెముక తిరుగునట్టిది. లోపలివైపునకే 30 మొదలు 40 డిగ్రీల దాక సులభముగా తిరుగును. నేర్చిన ఆటగాండ్రు కర్ర పైకెత్తునప్పుడు భుజములు సుమారు 90 డిగ్రీలు, తుంటి 45 డిగ్రీలు తిరుగును. తుంటి తిరుగనిచో ఆ లోటును ఎవరు తీర్చవలెను? పాపము, నడుమే.

ఇక నిలుకడ సంగతి. క్షీరసాగర మథనమున మందరగిరి ఎట్టిదైనను క్రింద ఆధారము లేక మునిగినది గదా! కూర్మము వీపు దొరకిన తరువాతనే తిరుగసాగినది. మా పిల్ల కర్ర ఎత్తునప్పుడు తుంటిని త్రిప్పుటకు మారుగా కుడివైపునకు జరుపుచుండెను. బరువు కుడిపాదము వెలుపలి అంచు దాటిపోవుచుండెను. అక్కడనుండి తిరిగి వచ్చుటకు నడుమును విదలించుట తప్ప వేఱు దారి లేదు.

అందుచేత కర్ర ప్రక్కన పెట్టించి, పెరటిగోడకు పిరుదులు కొంచెము తగులునట్లు నిలువబెట్టితిమి. చేతులు రొమ్ముపై కట్టుకొని తిరుగవలెను. పైకెత్తు తిరుగుడులో కుడి పిరుదు గోడను ఒరయవలెను. దింపునప్పుడు ఎడమది. ప్రక్కకు జరిగినచో గోడ వెంటనే చెప్పును. తరువాత రెండు పాదములు దగ్గరగా చేర్చి మెల్లగా కొట్టుట. ఇందు తూలుట యెంత సులభమో! దింపునప్పుడు ముందు బరువు ఎడమకాలికి, వెంటనే తుంటి, పిదప రొమ్ము, చేతులు, కట్టకడపట కర్ర. బండివాని చెర్నాకోలలో పిడి కదలిన తరువాతనే గదా కొస ఛెళ్లుమనును. కొట్టి ముగించిన తరువాత ఎడమకాలిపై నిలిచి, కుడికాలి వ్రేళ్లు మాత్రము నేలనానించి, మూడు లెక్కించువరకు కదలరాదు. మొదటి వారము ఒకటి అనునంతలోనే తూలెడిది. దోసెలు పోయునప్పుడు ఒంటికాలిపై నిలుచు పని నాకును అప్పుడే అలవడినది. మా వారు చూచి నవ్విరి. నవ్వనిండు.

ఎడమపాదమును కొంచెము వెలుపలికి త్రిప్పి నిలుచుట కూడ మేలు చేసినది. అమెరికా ఆటగాడు బెన్ హోగన్ 1957లో వెలువడిన తన గ్రంథమున ఈ సంగతి చెప్పియున్నాడు. ఎడమ తుంటి బిగువుగా నున్నవారికి ఇది నడుమును కాపాడును.

పిల్లకు మాత్రము దిగులు తీరలేదు. తక్కినవారివలె తిరుగలేకపోతినని. అప్పుడు తీగల సాహిత్ కథ చెప్పితిని. హైదరాబాదునుండి వెళ్లిన తెలుగు కుటుంబమున 1997లో కాలిఫోర్నియాలో పుట్టినవాడు. చిన్ననాటినుండి వెన్నెముక ప్రక్కకు వంపు తిరిగినవాడు. అతడు కొట్టు తీరు పుస్తకములలోని బొమ్మవలె నుండదు, తన మేనికి తగినట్లుండును. అతడే 2023 సెప్టెంబరులో ఫార్టినెట్ పోటీని గెలిచెను. మన బెంగుళూరు అదితి అశోక్ బంతిని అందరికంటె దూరము కొట్టునది కాదు. ఐనను 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సున నాలుగవదిగా నిలిచినది, పతకమునకు ఒక్క దెబ్బ దూరమున. అప్పుడు ఆమె కర్రల సంచి మోసినది కన్నతల్లి. ఈ మాట విని పిల్ల చాలసేపు పలుకలేదు. ఆ సాయంకాలమే తల్లికి ఫోనుచేసి, మూడు నెలల నొప్పిని తానే చెప్పినది. నేను వంటయింటిలోనికి పోతిని.

జూన్ మొదట బెంగుళూరునకు తిరిగి వెళ్లినది. ఆట మాన్పించలేదు. మొన్న ఫోనులో చెప్పినది: బంతి మునుపటికంటె పది గజములు తక్కువ పోవుచున్నదట, కాని ఉదయము గోడ పట్టకుండ లేచుచున్నదట. అవ్వతో మాటలాడవలెననగా ఫోను అందిచ్చితిని. మా అత్తగారు క్షేమము కూడ అడుగక, "మూడు లెక్కించుచున్నావా?" అనిరి.

"అయిదు, అవ్వా!"