ఖాతా అద్దెకిస్తే కేసు మీ ఇంటికే

దసరా బేరాలు మొదలయ్యాయంటే చీరాల బట్టల షాపులకు మనుషులు చాలరు. ఆ వెనకే దీపావళి, పెళ్లి ముహూర్తాలు, సంక్రాంతి. చీరలు విప్పి చూపడానికి, మళ్లీ మడత పెట్టడానికి, బేళ్లు దించడానికి, బిల్లులు కొట్టడానికి కుర్రాళ్లు కావాలి. బాపట్ల, తెనాలి, రేపల్లె వైపు కాలేజీ పిల్లలు సెలవుల్లో ఇలా నాలుగు రాళ్లు సంపాదించుకోవడం కొత్తేమీ కాదు. కొందరు పెళ్లిళ్లలో కేటరింగ్‌కు పోతారు. కొందరు వాడరేవు, రామాపురం రిసార్టుల్లో శని ఆదివారాలు పనిచేస్తారు. ఇంకొందరు పార్సిళ్లు మోస్తారు. కాళ్లు పీకుతాయి, సేటు కసురుకుంటాడు, కూలి మాత్రం చేతికొస్తుంది. ఈ పనుల గురించి మాకు బెంగ లేదు.

బెంగంతా ఫోన్లోకి వచ్చే పని గురించే. 'సీజన్ ఆఫర్, ఇంట్లోనే పార్ట్ టైం, రోజుకు మూడు వేలు' అంటూ వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో వచ్చే మెసేజీల గురించి. డబ్బులు పోగొట్టుకోవద్దని అందరూ చెబుతూనే ఉన్నారు. కాలేజీ పిల్లలకు పొంచి ఉన్న అసలు ప్రమాదం మాత్రం వేరు. వాళ్ల దగ్గర పోగొట్టుకోవడానికి పెద్దగా డబ్బు ఉండదు. వాళ్ల పేరు మీదున్న బ్యాంకు ఖాతా ఉంటుంది. మోసగాళ్లకు కావలసింది అదే.

బేరం ఎలా సాగుతుందో చూడండి. తెలిసిన సీనియరే వస్తాడు. 'మా కంపెనీకి పేమెంట్లు తీసుకోవడానికి ఖాతా కావాలి. నీ పేరున కొత్తది తెరువు. ఏటీఎం కార్డు, చెక్కుబుక్కు, దానికి లింకు చేసిన సిమ్ ఇచ్చెయ్. ఐదువేలు ఇస్తాం, సీజనంతా కమీషన్ కూడా' అంటాడు. పని లేకుండా డబ్బు. కుర్రాడు సరేనంటాడు. ఆ తరవాత ఎక్కడో మహారాష్ట్రలో ఒక రిటైర్డు ఉద్యోగిని 'డిజిటల్ అరెస్ట్' అని బెదిరించి గుంజిన లక్షలు ఈ ఖాతాలో పడతాయి. నిమిషాల్లో మరో నాలుగు ఖాతాలకు చీలిపోతాయి. ఫిర్యాదు అందుకున్న పోలీసులు డబ్బు వెళ్లిన దారి పట్టుకుని వస్తారు. ఆ దారిలో కనిపించే మొదటి అసలైన పేరు, అసలైన ఆధార్, అసలైన ఫొటో చీరాల కుర్రాడివే. ఆ సీనియర్ వెనక ఉండి ఖాతా వాడినవాడి గురించి తెలిసేదల్లా ఒక టెలిగ్రామ్ ముద్దుపేరు.

ఇలాంటివాటిని మ్యూల్ ఖాతాలు అంటున్నారు. 2025 జూన్‌లో సీబీఐ 'ఆపరేషన్ చక్ర-5' కింద సోదాలు చేసినప్పుడు దేశంలో 700కు పైగా బ్యాంకు శాఖల్లో ఇవి దాదాపు 8.5 లక్షలు ఉన్నట్లు తేలింది. ఇందులో చదువుకునే పిల్లలను ఏరికోరి పట్టుకోవడానికి కారణం ఉంది. అప్పుడే 18 నిండిన ఖాతాదారుడి మీద పాత మచ్చ ఉండదు. బ్యాంకుకు అనుమానం రాదు. కేసు పడితే లాయరును పెట్టుకునే స్తోమతా ఆ ఇంటికి ఉండదు.

'నాకేం తెలియదు సార్, ఫ్రెండు అడిగితే ఇచ్చాను' అంటే వదిలేస్తారనుకోవడం భ్రమ. భారతీయ న్యాయ సంహిత 318(4) కింద మోసానికి ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. ఐటీ చట్టం 66డి కింద మూడేళ్లు. చివరికి కోర్టు నిర్దోషి అని తేల్చినా అప్పటిదాకా పరాయి రాష్ట్రం స్టేషన్ల చుట్టూ తిరగాలి. ఖాతా స్తంభిస్తుంది. స్కాలర్‌షిప్ పడేదీ అందులోకే అయితే అదీ ఆగుతుంది. పాస్‌పోర్టుకు, ప్రభుత్వ ఉద్యోగానికి పోలీసు విచారణ జరిగే రోజున ఐదువేల కోసం ఇచ్చిన ఆ ఏటీఎం కార్డు గుర్తొస్తుంది.

రెండో ఉచ్చు రేటింగుల పని. 2023 జులైలో హైదరాబాద్ పోలీసులు బయటపెట్టిన 712 కోట్ల రూపాయల మోసానికి మొదలు ఇదే. ఫిర్యాదు చేసిన వ్యక్తి స్టార్ రేటింగులు ఇచ్చే పనికి ముందు వెయ్యి రూపాయలు కట్టాడు, 866 రూపాయలు లాభం చూశాడు. నమ్మకం కుదిరింది. చివరికి పోయింది 28 లక్షలు. మొదట వచ్చే ఆ చిన్న లాభాన్ని జీతం అనుకోకండి, అది ఎర. పనిచేసినవాడికి యజమాని డబ్బిస్తాడు గానీ, పనిచేసేవాడి దగ్గర యజమాని డబ్బు తీసుకోవడం ఏ ఊళ్లోనూ లేదు.

డేటా ఎంట్రీ పేరుతో ఇంకో రకం నడుస్తోంది. ముందు ఆన్‌లైన్లో ఒప్పందం రాయించుకుంటారు. టైపు చేసి పంపాక తప్పులు ఎక్కువున్నాయంటారు. నష్టపరిహారం కట్టమని లాయరు పేరుతో నోటీసు పంపుతారు. పిల్లలు భయపడి ఇంట్లో చెప్పకుండా అప్పు చేసి కడుతున్నారు. అలాంటి నోటీసు వస్తే కట్టకండి. పోలీసులకు చూపించండి.

విదేశీ డేటా ఎంట్రీ అయితే మరీ ఘోరం. సింగపూర్‌లో ఉద్యోగమని నమ్మించి మన రాష్ట్రం కుర్రాళ్లను కంబోడియాకు తరలించి, చీకటి గదుల్లో పెట్టి వాళ్లచేతే సైబర్ మోసాలు చేయించిన ముఠా సంగతి 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దు నుంచి 549 మంది భారతీయులను వాయుసేన విమానాల్లో వెనక్కి తేవలసి వచ్చింది, వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. కేంద్రం ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో పేరు లేని ఏజెంటు చేతిలో పాస్‌పోర్టు పెట్టవద్దు.

స్థానికంగా పనికి చేరేవాళ్లూ కాస్త కళ్లు తెరిచి ఉండాలి. రోజుకెంత, ఎన్ని గంటలు, డబ్బు ఎప్పుడిస్తారు అన్నవి మొహమాటపడకుండా ముందే అడగండి. కనీసం ఫోన్లో మెసేజీగానైనా రాయించుకోండి. పదో తరగతి మెమో, ఇంటర్ సర్టిఫికెట్ల ఒరిజినల్స్ ఎవరి దగ్గరా పూచీగా ఉంచకండి. ఆధార్ అడిగితే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. కూలి ఎగ్గొడితే లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టండి. బాణసంచా తయారీ షెడ్లకు మాత్రం ఎంత కూలి ఇస్తామన్నా పోకండి. 2025 అక్టోబరులో, దీపావళి ముందే, కోనసీమ జిల్లా రాయవరంలోని బాణసంచా కేంద్రంలో ఎలాంటి ప్రమాదం జరిగిందో అందరం చూశాం.

చీరాల వస్త్ర వ్యాపారులకు ఒక మాట. సీజనుకు మనుషులు కావాలని మీరు షాపు ముందు కాగితం అంటిస్తారు, కుర్రాళ్లు మాత్రం ఫోన్లో వెతుక్కుంటున్నారు. ఆ కాగితమే కూలి ఎంతో రాసి కాలేజీ నోటీసు బోర్డుకు పంపండి. ప్రిన్సిపాళ్లు సెలవులు ఇచ్చే ముందు ఒక్క పీరియడ్ ఈ విషయానికి కేటాయించాలి. అమ్మానాన్నలు కొత్త పాస్‌బుక్ ఎందుకొచ్చిందని ఒక్కసారి అడగాలి.

ఇప్పటికే ఖాతా ఎవరికైనా ఇచ్చి ఉంటే నోటీసు వచ్చేదాకా ఆగకండి. సిగ్గుపడి దాచకండి. ఈరోజే బ్యాంకుకు వెళ్లి కార్డు, నెట్ బ్యాంకింగ్ నిలిపేయించండి, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. కేంద్రం సంచార్ సాథీ పోర్టల్‌లో మీ పేరున ఎన్ని సిమ్‌లున్నాయో చూసి, మీవి కానివాటిపై అక్కడే ఫిర్యాదు చేయండి. ఇంట్లో పెద్దవాళ్లను వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. డబ్బు పోయినవాళ్లు ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే, ఆ డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపే వీలు అంత ఎక్కువ.