లెన్సు పెరిగింది, దూరం తగ్గింది

వారం వారం – ‘గడ్డిపరక’

పిల్లిగద్ద చెట్టెక్కి పడుకోదు. పొద్దు వాలే వేళకు ఒక్కొక్కటే వచ్చి, తక్కువ ఎత్తులో రెండు మూడు చుట్లు తిరిగి, గడ్డిలోకి దిగిపోతుంది. కజకిస్తాన్ పచ్చికబయళ్లలో పిల్లల్ని లేపుకుని, చలికాలం గడపడానికి మన మెట్టభూములకు వచ్చే పక్షి ఇది. మగది బూడిద తెలుపు, ఆడది గోధుమరంగు, తోక మొదట్లో తెల్లమచ్చ. మిడతలంటే ప్రాణం. నంద్యాల జిల్లా రోళ్లపాడు గడ్డిమైదానం వీటికి పేరుమోసిన రాత్రి మకాం. బట్టమేక పక్షి కోసం 1988లో అభయారణ్యమైన 614 హెక్టార్ల నేల అది. బట్టమేక అక్కడ ఇప్పుడు దాదాపు కథగా మిగిలింది. పిల్లిగద్దల కోసం మాత్రం కెమెరాలు వెళుతూనే ఉన్నాయి.

వెళ్లనివ్వండి, మంచిదే. గద్దను చూడాలని చలిలో తెల్లవారుజామునే లేచే మనుషులు ఈ రోజుల్లో ఎంతమంది? చిక్కంతా లెన్సుతో వచ్చిన ఆశతోనే. 600 ఎంఎం ఎఫ్/4 లెన్సు మూడు కిలోల బరువు, ధర పది లక్షల పైమాటే. అంత స్తోమత లేనివాళ్లకు 150-600 జూమ్‌లున్నాయి. ఏది కొన్నా, అంత పొడుగు లెన్సు ఎందుకయ్యా అంటే, పక్షి దగ్గరికి పోకుండానే పక్షిని దగ్గరగా చూడటానికి. జరుగుతున్నది తలకిందులు. 400తో కన్ను కనబడితే చాలనుకున్నవాడు 600 చేతికొచ్చాక ఆ కంట్లో సూర్యుడి మెరుపు కావాలంటాడు. ఈక ఈకా లెక్కపెట్టాలంటాడు. లెన్సు ఇచ్చిన దూరమంతా మళ్లీ నడిచేసి గద్ద ముందు నిలబడతాడు.

పాతకాలం వాళ్లకు కనీసం ఒక సాకుండేది. లెన్సులు పొట్టివి, ఫిల్ములు మందకొడివి; పక్షి తప్పకుండా వచ్చే చోటు గూడొక్కటే, అందుకని గూటి పక్కనే హైడ్ (దాక్కునే మరుగు) కట్టుకుని కూర్చునేవారు. ఎరిక్ హోస్కింగ్ అలా కూర్చున్నవాడే. 1937లో వేల్స్‌లో, గూడు కాపాడుకుంటున్న గుడ్లగూబ ఆయన మొహం మీద పడింది. ఎడమ కన్ను పోయింది. తర్వాత కూడా ఆయన కెమెరా వదల్లేదు, పక్షుల ఫోటోగ్రఫీకి పెద్దదిక్కుల్లో ఒకడయ్యాడు. ఆయన వాడిన సరంజామాతో పోలిస్తే ఇవాళ హైదరాబాద్‌లో ఏ ఉద్యోగి భుజాన వేలాడే కిట్టయినా గొప్పదే. గూటి జోలికి పోవలసిన అవసరం లేకుండా చేసింది ఆ కిట్టు. అయినా పోతున్నాం.

మనవాళ్లు బాగా మెచ్చుకునే గద్ద ఫోటో ఒకటుంది: మొహం ఇటు తిప్పి, రెండు కళ్లతో సూటిగా మనల్నే చూస్తున్నది. దానికి వచ్చే లైకులు మరి దేనికీ రావు. ఆ ఫోటోను ఇంకోసారి పరిశీలించండి. పొద్దున్నే వేటకు కూర్చున్న గద్ద చూడవలసింది నేలను. తొండనో ఎలుకనో వదిలేసి మనల్ని చూస్తోందంటే దాని పని ఆగిపోయిందన్నమాట. ఇంకో రెండడుగులు వేస్తే ఒళ్లు బిగుసుకుంటుంది, ముందుకు వంగుతుంది. రెట్ట వేసిందంటే ఎగరబోతోందని అనుభవమున్న ఫోటోగ్రాఫర్లందరికీ తెలుసు. తెలిసి షట్టర్ మీద వేలు సిద్ధం చేసుకుంటారు తప్ప, వెనక్కి అడుగు వేసేవాళ్లు తక్కువ.

పొద్దెక్కాక మరీ వెంటపడి లాభం లేదు. నేల వేడెక్కి గాలి పైకి లేవగానే గద్దలు ఆ గాలి మీద చుక్కలైపోతాయి. కింద ఉన్నవాటిని దూరం నుంచి తీసినా ఎండసెగ చిత్రాన్ని అలల్లా కదిపేస్తుంది. ఎన్ని లక్షల లెన్సయినా ఆ సెగను కోయలేదు. రెక్క విప్పినప్పుడు తీయడం నేర్చుకోవాలంటే ఊళ్లో మాంసం కొట్ల మీద తిరిగే మామూలు గద్దలున్నాయి, విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో గరుడపక్షులున్నాయి. షట్టర్ సెకనులో రెండువేలో వంతు పెట్టుకోండి. ఆకాశం వెలుగుకు రెక్కల అడుగుభాగం నల్లబారకుండా ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచండి. అవి మనుషుల మధ్య బతకడానికి అలవాటుపడ్డవి, మనల్ని లెక్కచేయవు.

రాతిగుట్టల గుడ్లగూబ సంగతి అలా కాదు. అది గూడు కట్టదు, రాతి అరుగు మీదో నేల మీదో గుడ్లు పెట్టేస్తుంది. తల్లిని లేపితే ఆ గుడ్లు ఎండకూ కాకులకూ వదిలేసినట్టే. అడవి పక్షుల గూళ్లనూ గుడ్లనూ చెదరగొట్టడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట కిందే లెక్కగట్టింది. అయినా ఫలానా గుట్ట, ఫలానా బండ అంటూ లొకేషన్ పిన్ సాయంత్రానికల్లా గ్రూపులన్నీ తిరిగొస్తుంది. పక్షులు ఎక్కడ కనబడ్డాయో నమోదు చేసే ఈబర్డ్ లాంటి వేదికే కొన్ని పక్షుల ఆచూకీని దాచిపెడుతుంటే మనకెందుకు ఈ దానగుణం? బతికున్న ఎలుకను ఎరవేసి గద్దను రప్పించడం గురించి ఎక్కువ చెప్పబుద్ధి కావడం లేదు; దాన్ని ఫోటోగ్రఫీ అనను.

నాకు మరో అసంతృప్తి కూడా ఉంది. ఫ్రేమంతా నిండిన పిల్లిగద్ద ఎక్కడిదైనా కావచ్చు. వెనకంతా మెత్తగా కరిగిన ఆకుపచ్చ, అంతే. శనగచేల మీదుగా, ఎండిన గడ్డి మీదుగా చిన్నగా ఎగిరిపోతున్న పిల్లిగద్ద మాత్రం రోళ్లపాడుదే. సర్కారు లెక్కల్లో అలాంటి గడ్డినేలలు చాలావరకు బంజర్లు. ఎవరికైనా రాసిచ్చేయడం సులువు. అక్కడ వేలమైళ్ల దూరం నుంచి వచ్చిన గద్దలు నిద్రపోతున్నాయని చూపించే ఫోటో ఆ నేలకు సాక్ష్యంగా నిలబడుతుంది. కంట్లో మెరుపున్న ఫోటో నిలబడదు.

మన నగరాల్లో ఫోటో క్లబ్బులు ఏటా పోటీలు పెడుతుంటాయి. వచ్చే చలికాలం గద్దల విభాగానికి రెండు షరతులు పెట్టి చూడండి: గూటి దగ్గర తీసినవి చెల్లవు, ఫ్రేములో పక్షి పదో వంతుకు మించకూడదు. ఎన్ని ఎంట్రీలు వస్తాయో చూడాలని ఉంది.